బాబాయ్ షాపులో మూడు రోజుల లినక్స్

మొన్న సంక్రాంతి సెలవులకి భద్రాచలం వెళ్ళినప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. మా బాబాయ్‌కి గుడికి వెళ్ళే దారిలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపుంది. పెళ్ళి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, ఫ్లెక్సీలకు మ్యాటర్, ఐటీడీఏలో పెట్టుకునే అర్జీలు... ఇవీ అక్కడ జరిగే పనులు. షాపులో ఉన్న సిస్టమ్ పాతది, 4 జీబీ ర్యామ్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే దానికి టీపీఎమ్ 2.0 చిప్ కావాలి, ప్రాసెసర్ కనీసం ఎనిమిదో జనరేషన్ అయినా ఉండాలి. ఈ డబ్బాలో ఆ రెండూ లేవు. "కొత్తది కొనాలా రా?" అని బాబాయ్ అడిగితే, "ఎందుకు బాబాయ్ దండగ, నేనున్నా కదా" అన్నాను. పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తీసుకెళ్ళి గంటలో ఇన్‌స్టాల్ చేసేశా. పాత ఫైళ్ళన్నీ జాగ్రత్తగా వేరే డ్రైవ్‌లో పెట్టా. సిస్టమ్ నిజంగానే స్పీడైంది.

మూడో రోజు సాయంత్రం బాబాయ్ వేరే కుర్రాణ్ణి పిలిపించి మళ్ళీ విండోస్ వేయించుకున్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేది.

మన క్లబ్ గ్రూపులో ఈ మధ్య "లినక్స్‌లో ఏం ఉంటే పూర్తిగా మారిపోతారు?" అని చర్చ నడిచింది కదా. ఫొటోషాప్ అన్నారు, వాలొరాంట్ అన్నారు, ఎమ్ఎస్ ఆఫీస్ అన్నారు. ఇద్దరు సీనియర్ అన్నలైతే "అన్నీ ఉన్నాయి, లేనిది యూజర్లకి ఓపికే" అని తేల్చేశారు. సంక్రాంతికి ముందు అడిగుంటే నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు మాత్రం గొడవ పడాలనుంది. మా బాబాయ్‌కి ఓపిక లేకపోవడమేంటి? పెళ్ళివాళ్ళు పత్రికలో మేనమామ పేరు ఏడుసార్లు మార్పించినా నవ్వుతూ మార్చే మనిషి.

మొదటి రోజు పొద్దున్నే ఏం జరిగిందంటే, ఒకాయన సంవత్సరీకం కార్డు కోసం వచ్చాడు. "పోయినేడాది మా పెద్దనాన్నకి చేశారు కదా, అదే తీసి పేర్లు మార్చండి" అన్నాడు. షాపులో సగం పనులు ఇలాంటివే, పాత ఫైలు తీసి మార్చడం. బాబాయ్ ఫైలు తెరిచాడు. తెరిస్తే తెలుగు లేదు. యూరప్ భాషల్లో నెత్తిమీద చుక్కలూ టోపీలూ పెట్టుకునే అక్షరాలుంటాయే, అవి వరుసగా వచ్చాయి. "ఏరా, నా ఫైళ్ళు పాడుచేశావా?" అన్నాడు. ఫైలు పాడవలేదు. అది అను ఫాంట్లలో ఉన్న ఫైలు.

మనలో చాలామందికి ఈ సంగతి తెలీదు (నాకూ ఆ రోజు దాకా తెలీదు, ఒకటి నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీష్ మీడియం, తెలుగు టైపింగ్ అంటే ఫోనే) కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. యూనికోడ్‌లో 'త' అనే అక్షరానికి ఒక నంబర్ ఉంటుంది. ఏ ఫాంట్ వాడినా, ఏ కంప్యూటరైనా ఆ నంబర్ 'త'నే. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ వెర్షన్‌లోనే తెలుగుకి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 స్థానాలు కేటాయించారు. కానీ స్థానం ఉంటే సరిపోదు కదా, గుణింతాన్నీ ఒత్తునీ కలిపి సరిగ్గా గీసే ప్రోగ్రామ్ కూడా కావాలి. అది మామూలు కంప్యూటర్లకి చేరేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఈలోగా పెళ్ళిళ్ళు ఆగవు, పేపర్లు ఆగవు. అందుకని డీటీపీ ఫాంట్లు చేసినవాళ్ళు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీష్ అక్షరాల నంబర్ల మీద తెలుగు ముక్కల బొమ్మలు పెట్టారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. స్క్రీన్ మీద అవన్నీ పక్కపక్కన చేరి తెలుగులా కనిపిస్తాయి. లోపల మాత్రం అది తెలుగు కాదు. ఫాంట్ తీసేస్తే చుక్కల టోపీలే మిగులుతాయి. వాళ్ళని తప్పు పట్టే పని లేదు, వాళ్ళు లేకపోతే రెండు మూడు దశాబ్దాల తెలుగు అచ్చే లేదు.

అయితే ఆ ఫైళ్ళు ఎన్ని ఉంటాయో ఆలోచించండి. మా బాబాయ్ దగ్గరే పదిహేనేళ్ళవి ఉన్నాయి. ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, ఏ ఊళ్ళో డీటీపీ షాపుకి వెళ్ళినా ఇదే సంగతి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ఆఖరి వెర్షన్, దాన్ని తయారుచేసిన అడోబీయే తర్వాత పని ఆపేసింది. అయినా ఇప్పటికీ మన షాపుల్లో అదే నడుస్తోంది. ఎందుకంటే పాత ఫైళ్ళు అందులో చేసినవే.

కాబట్టి నాకు లినక్స్‌లో అన్నిటికంటే ముందు కావాల్సింది ఫొటోషాప్ కాదు. పాత ఫాంట్లలో ఉన్న తెలుగుని కాపీ చేసి, రైట్‌క్లిక్ కొట్టి, "యూనికోడ్‌గా పేస్ట్ చెయ్యి" అనే ఒక్క ఆప్షన్. నెట్ లేకుండా పనిచేయాలి, వెబ్‌సైట్‌లో పెట్టి మార్చుకోవడం కాదు. ఫైల్ మేనేజర్‌లో ఒక ఫోల్డర్ చూపించి "ఇందులో 'పెద్దనాన్న' అని ఎక్కడుందో వెతుకు" అంటే, పాత ఫైళ్ళలో కూడా వెతికి పెట్టాలి. ఇది విండోస్‌లోనూ లేదు! మనం చేస్తే డీటీపీ వాళ్ళు మన వైపు రావడానికి ఒక కారణం దొరుకుతుంది. ఇప్పుడు వాళ్ళకి మనం చెప్తున్న కారణం "ఫ్రీ" అని ఒక్కటే. అది వాళ్ళ దృష్టిలో కారణమే కాదు, పేజ్‌మేకర్ కూడా వాళ్ళకి ఎవరో సీడీలో ఇచ్చిందే.

పేజీ డిజైన్ సంగతి అంత నిరాశగా లేదు. స్క్రైబస్ ఉంది. పాత 1.4 వెర్షన్లలో తెలుగు ఒత్తులు చెల్లాచెదరయ్యేవి. తర్వాత ఒమన్ దేశంలోని ఒక బృందం తమ అరబిక్ కోసం అందులో హార్ఫ్‌బజ్‌ని కలిపింది. దాంతో పాటే మన ఒత్తులూ కుదురుకున్నాయి. 2024 జనవరిలో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి అది అందరికీ అందింది. ఎవరో అరబ్బులు వాళ్ళ భాష కోసం కష్టపడితే మన తెలుగు బాగైంది. ఇది తల్చుకుంటే సంతోషమూ వేస్తుంది, సిగ్గూ వేస్తుంది. ఫాంట్లూ ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు, సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన ఫాంట్లు డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీలుగానే దొరుకుతాయి. ఇన్‌స్టాలర్‌లో తెలుగు ఎంచుకున్నవాళ్ళకి అవన్నీ వాటంతటవే వచ్చేస్తే ఏం పోయింది? 

కీబోర్డ్ విషయంలో తప్పు పూర్తిగా నాదే. లినక్స్‌లో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్ ఉంది, కగప ఉంది, సరళ ఉంది. ఐబస్‌లో ఎమ్17ఎన్ వేసుకుంటే ఆపిల్, ఆర్‌టీఎస్, పోతన కూడా ఉన్నాయి. నేను బాబాయ్‌కి ఇన్‌స్క్రిప్ట్ పెట్టి, "వారంలో అలవాటవుతుంది" అన్నా. పదిహేనేళ్ళుగా కీబోర్డ్ చూడకుండా కొట్టే మనిషితో అనాల్సిన మాటేనా అది? నన్ను రేపటి నుంచి ఎడమచేత్తో పరీక్ష రాయమంటే రాస్తానా? ఆయన వాడేది ఆపిల్ పద్ధతి. లినక్స్‌లోనూ ఆ పేరుతో ఒకటుందని హాస్టల్‌కి తిరిగొచ్చాక తెలిసింది.

రెండో రోజు ప్రింటర్ మొరాయించింది, మూడో రోజు వేలిముద్రల మెషీన్ డ్రైవర్ దొరకలేదు. అవి కంపెనీలు ఇవ్వాల్సినవి, మనం ఎంత ఏడ్చినా వాళ్ళకి వినిపించదు కాబట్టి వదిలేస్తున్నా. మన చేతిలో ఉన్నవాటి గురించే మాట్లాడుకుందాం.

స్పెల్‌చెక్ తీసుకోండి. లిబ్రెఆఫీస్‌లో తెలుగు స్పెల్‌చెక్ పెట్టి ఈ వ్యాసం అతికించా. పేజీ నిండా ఎర్రగీతలే. నేను తప్పులు రాయననడం లేదు, ళ, ల దగ్గర ఇప్పటికీ తడబడతా. కానీ సరైన మాటల కిందా గీతలే. లోపల పనిచేసేది హన్‌స్పెల్. అది మాటల జాబితా, వాటికి తగిలించే ప్రత్యయాల సూత్రాలు, ఈ రెండింటితో నడుస్తుంది. ఇంగ్లీష్‌లో ఒక క్రియకి నాలుగైదు రూపాలు. తెలుగులో 'వెళ్ళు' తీసుకుంటే వెళ్ళాడు, వెళ్ళలేదు, వెళ్ళిపోయాడట, వెళ్ళిపోయుంటాడనుకున్నా... లెక్కేస్తూ కూర్చుంటే సెమిస్టర్ అయిపోతుంది. సంధి కలిసిందంటే రెండు మూడు మాటలు ఒకటవుతాయి. జాబితాలో ఎన్నని పెడతాం? హన్‌స్పెల్ అసలు హంగేరియన్ కోసం పుట్టింది, అదీ ప్రత్యయాలు గొలుసుగా తగిలించే భాషే. ఫిన్నిష్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, పదాన్ని విడగొట్టి చూసే వోయిక్కో అనే పరికరం సొంతంగా కట్టుకున్నారు. మనకీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ట్రిపుల్ ఐటీలో తెలుగు పదాల్ని అలా విడగొట్టే ప్రోగ్రాముల మీద ఏళ్ళ తరబడి పని జరిగింది. అది రీసెర్చ్ పేపర్లు దాటి రైట్‌క్లిక్ మెనూ దాకా రావాలి. పీహెచ్‌డీలు అక్కర్లేని ఆ చివరి సగం పని మనలాంటి బీటెక్ వాళ్ళకి సరిగ్గా సరిపోతుంది.

వెతుకులాటలో ఇంకో చిన్న తిరకాసు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం పెడతాం, వ ఒత్తుగా కిందికి దిగకుండా. ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. ఒకటి రాసి రెండోది వెతికితే చాలా ప్రోగ్రాములు "దొరకలేదు" అంటాయి. మనుషుల పేర్ల లిస్టులో ఇలా జరిగితే ఆ మనిషే లేనట్టు.

ఇంకొకటి, నెట్. కాలేజీ వైఫైలో కూర్చుని "ఒక్క కమాండ్ కొడితే వచ్చేస్తుంది" అనడం తేలిక. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు చర్ల వైపు, గట్టి వాన పడితే సిగ్నల్ పోతుంది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు, అర్థం చేసుకోండి. కరెంటూ లేదు, నెట్టూ లేదు. అంత వరద రోజూ రాదులే, కానీ నెట్ లేని పూట మాత్రం మా వైపు కొత్త కాదు. విండోస్ వాడే కుర్రాడు అలాంటి చోటికి పెన్‌డ్రైవ్‌లో ఒక సెటప్ ఫైలు తీసుకెళ్ళి డబుల్‌క్లిక్ కొడతాడు. మనం ఒక ప్యాకేజీ తీసుకెళ్తే "ఇంకో పదకొండు ప్యాకేజీలు కావాలి" అంటుంది. దారులు లేవని కాదు. యాప్‌ఇమేజ్ ఉంది, ఏపీటీ ఆఫ్‌లైన్ ఉంది, ఫ్లాట్‌ప్యాక్‌లో యాప్‌ని యూఎస్‌బీలోకి ఎక్కించే కమాండ్ కూడా ఉంది. కానీ అన్నీ టెర్మినల్ తెలిసినవాడికే. నాకు కావాల్సింది సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒక బటన్: "పెన్‌డ్రైవ్‌కి పంపు". కావాల్సినవన్నీ మూటగట్టి పంపాలి. అవతలి కంప్యూటర్‌లో పెట్టగానే ఎక్కేయాలి. పాటలు, సినిమాలు షేర్ చేసుకున్నట్టే ప్రోగ్రాములు షేర్ చేసుకోవచ్చు, అదీ చట్టప్రకారం. అలా పంచుకొమ్మనే కదా ఈ లైసెన్సులు పుట్టింది.

మా వైపు తెలుగు ఒక్కటే భాష కూడా కాదు. దుమ్ముగూడెం, చర్ల సంతలకి వెళ్తే కోయ వినిపిస్తుంది. దాన్ని తెలుగు లిపిలో రాస్తారు కాబట్టి టైపింగ్‌కి ఇబ్బంది లేదు. కానీ నా సిస్టమ్‌లో లొకేల్ లిస్టు తెరిచి చూశా. ఛత్తీస్‌గఢీ ఉంది, భీలీ ఉంది, కోయ లేదు. కోయకి దగ్గరి చుట్టమైన గోండీకి మసరాం, గుంజాల అని రెండు లిపులు 2017, 2018లో యూనికోడ్‌లోకి ఎక్కాయి. గుంజాల మన ఆదిలాబాద్ ఊరే. లిస్టులో పేరు లేని భాషలో రాసింది కంప్యూటర్‌కి తప్పుగా రాసిన తెలుగే. ఆశ్రమ పాఠశాలలో ఓ పిల్ల కోయలో కథ టైప్ చేస్తే మాట మాటకీ ఎర్రగీత వస్తే ఎలా ఉంటుంది? నిండా ఇంగ్లీష్ మీడియంలో చదివి తెలుగు మాటకి తడుముకునే నాకు కొంచెం తెలుసు.

"కేరళలో స్కూళ్ళన్నీ లినక్సే" అని మనం గొప్పగా ఉదాహరణ ఇస్తుంటాం. చాలావరకు నిజమే. అయితే అక్కడ ప్రభుత్వం ఒక్కటే చెయ్యలేదు, స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని ఫాంట్లు, టైపింగ్ బాగుచేశారు. మన దగ్గర స్వేచ్ఛ వాళ్ళు తెలుగు డెస్క్‌టాప్ కోసం చాలా చేశారు. ఆ పని చేసేవాళ్ళు ఎప్పుడూ తక్కువే. మనం హ్యాకథాన్‌కి వెళ్ళి మళ్ళీ ఒక ఫుడ్ డెలివరీ యాప్ చేస్తున్నాం.

ఒక నిజం ఒప్పుకోవాలి. ఈ వ్యాసంలో సగం ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పి, హాస్టల్లో లినక్స్ మీద సరిదిద్దా. లినక్స్ డెస్క్‌టాప్‌లో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడే వీలు ఇన్‌స్టాల్ చేయగానే రాదు. వోస్క్‌లో చిన్న తెలుగు మోడల్ ఉంది, విస్పర్‌కీ తెలుగు వచ్చు, రెండూ నెట్ లేకుండా నడుస్తాయి. ఐబస్‌కి తగిలించేవాళ్ళు కావాలి. టైపింగ్ రాని మా నాన్న తరానికి అదొక్కటి చాలు.

బాబాయ్‌కి ఫోన్ చేసి పాత ఫైళ్ళు కొన్ని పంపమన్నా. "మళ్ళీ ఏం చేస్తావురా" అని భయపడ్డాడు, కాపీలేనని చెప్తే పంపాడు. ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ఒక పట్టిక ఉంది, ఎడమవైపు టోపీల అక్షరాలు, కుడివైపు తెలుగు. చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాశా. బొమ్మల వరుస వేరు, యూనికోడ్ వరుస వేరు కాబట్టి ఒత్తుల దగ్గర ముందువెనకలు చేయాల్సి వస్తోంది. ఎవరికైనా ఆసక్తి ఉంటే రండి, రాత్రి తొమ్మిది తర్వాత రూమ్‌లోనే ఉంటా. నిన్న మొదటి పెళ్ళి పత్రిక పెట్టి చూశా. శ్రీరస్తు వచ్చింది. శుభమస్తు వచ్చింది. అవిఘ్నమస్తులో 'ఘ్న' దగ్గర విరిగింది.