మానిటర్ సచ్చిపోలే, పిన్ను మారింది

నల్లగొండ, సూర్యాపేట దిక్కు నుంచి బస్సుల ఎల్బీనగర్ల దిగే పోరగాళ్లు మస్తుమంది దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లల్లనే ఉంటరు. కోచింగ్ ఫీజు, హాస్టల్ కిరాయి కట్టినంక చేతిల మిగిలేది ఎంత? ఇంటికాడున్న పాత మానిటర్ తెచ్చుకుంటరు, ఎట్లనో తిప్పలపడి ఒక సీపీయూ కొంటరు. తీరా కలపబోతే పిన్ను పట్టది. దుకాణంల అడిగితే "అది పాతదైంది తమ్మీ, కొత్తది తీస్కో" అంటరు.

జర ఆగుండ్రి. ఆ మానిటర్ ఖరాబ్ కాలే. దాని ఎనుక నీలిరంగు, 15 పిన్నుల పోర్టు ఉంటే అది వీజీఏ. 1987ల ఐబీఎం తెచ్చింది. అండ్ల బొమ్మ అనలాగ్ సిగ్నల్‌గ పోతది. ఇప్పటి సీపీయూలల్ల ఉండే హెచ్‌డీఎంఐ డిజిటల్. నడుమ మార్చే చిప్ ఉండాలె. చిప్ లేకుంట రెండు దిక్కుల రెండు పిన్నులు అతికించిన ఉత్త వైరు కొంటే పైసలు నీళ్లల్ల పోసినట్టే.

దిక్కు గూడ సూడాలె. సీపీయూకు హెచ్‌డీఎంఐ, మానిటర్‌కు వీజీఏ ఉంటే 'హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ' కన్వర్టర్ అడగాలె. 'వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ' అన్నది ఉల్టా, పాత సీపీయూను కొత్త టీవీకి కలిపేటందుకు. సూస్తే రెండూ ఒక్కతీరే కొడ్తయి, ఈడనే శానామంది మోసపోతరు. మానిటర్‌కు డీవీఐ ఉంటే ఇంక అల్క, హెచ్‌డీఎంఐకి ఉత్త వైరే సాలు. 'ఔట్ ఆఫ్ రేంజ్' అని వస్తే భయపడకుండ్రి, సీపీయూల రిజల్యూషన్ తగ్గించుండ్రి. 17 అంగుళాల పాత చదరం ఎల్‌సీడీలకు మామూలుగ 1280×1024 ఉంటది.

ఈ పిన్ను దానంతట అదే పోలే. 2010 డిసెంబర్ల ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనొవో, శాంసంగ్, ఎల్‌జీ కలిసి వీజీఏను ఇడిసిపెడ్తమని ప్రకటించినయి. ఇంటెల్, ఏఎండీ పెట్టుకున్న గడువు 2015. బొమ్మ మంచిగొస్తది, కరెంటు తక్కువైతది అన్నరు. అబద్ధమేం కాదు. కని కన్వర్టర్ ఖర్చు ఎవలి మీద పడ్డది? మన మీదనే. పాత ఎల్‌సీడీల ట్యూబులల్ల పాదరసం ఉంటది, పడేస్తే అది పోయేది మన మట్టిలకే.

2022ల కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. మంచిదే, కని అది రిపేరు ముచ్చట. నడుస్తున్న పాత వస్తువును కొత్తదానికి కలుపుకునే హక్కు సంగతేంది? యూరప్‌ల 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లన్నిటికీ ఒక్కతీరు చార్జింగ్ పిన్ను చట్టమైంది. కంపెనీలు మారినయి గదా! మన సర్కార్ కాలేజీలు కంప్యూటర్లు కొనే టెండర్‌ల 'వీజీఏ కన్వర్టర్ గూడ ఇయ్యాలె' అని ఒక్క లైన్ రాయించమని అడుగుండ్రి.

దుకాణానికి పోయే ముందు మానిటర్ ఎనుక ఒక ఫోటో, సీపీయూ ఎనుక ఒక ఫోటో ఫోన్ల తీస్కోండ్రి. వీలైతే మానిటర్‌నే ఎత్కపోయి, బొమ్మ వచ్చినంకనే పైసలియ్యుండ్రి.