గుజరాత్ వద్దన్నది కొవ్వాడకా?

బెంగాల్‌లోని మన ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉన్న తెలుగు ఇళ్లలో చాలావాటి వేర్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనే ఉన్నాయి. కనుక కొవ్వాడ మనకు పరాయి ఊరు కాదు.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఆ మత్స్యకార పల్లె దగ్గర 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు పెడతామంటున్నారు. ఈ వెస్టింగ్‌హౌస్ కంపెనీ రియాక్టర్లకు ముందు ఎంచిన చోటు గుజరాత్‌లోని మిఠీ విర్ది. అక్కడి రైతులు భూములివ్వమని పట్టుబట్టారు. 2016లో ప్రాజెక్టును కొవ్వాడకు మళ్లించారు. మన పక్కనే, కాంతి దగ్గరి హరిపూర్‌కు రష్యా రియాక్టర్లు రావలసింది. జాలర్లు ఎదురు తిరిగారు. 2011లో బెంగాల్ ప్రభుత్వమే వద్దంది. వాళ్లకు దక్కిన మన్నన సిక్కోలు జాలరికి ఎందుకు దక్కలేదు?

కాదనడానికి మనిషి ఊళ్లో ఉండాలి కదా! పడవలు నిలపడానికి సరైన రేవు లేక శ్రీకాకుళం జాలర్లు ఏటా అదే గుజరాత్‌లోని వేరావల్‌కు కూలి వేటకు పోతారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లు ఏడాదికి పైగా కరాచీ జైల్లో మగ్గారు. రేవు కట్టని ప్రభుత్వాలకు రియాక్టర్లు కట్టే తొందర ఎక్కడిది?

పెరిగే దేశానికి కరెంటు కావాలి, నిజమే. 2047కు 100 గిగావాట్ల అణువిద్యుత్తు అంటోంది కేంద్రం. కానీ అమెరికాలోని జార్జియాలో ఇదే రకం రియాక్టర్లు రెండింటికి 1,400 కోట్ల డాలర్లన్న ఖర్చు 3,000 కోట్లు దాటింది. ఆ బరువు జనం కరెంటు బిల్లుల మీద పడింది. వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది.

ఇంకా ఘోరం చట్టం దగ్గర జరిగింది. లోపమున్న యంత్రం అమ్మిన కంపెనీ నుంచి ప్లాంటు నడిపేవారు పరిహారం రాబట్టే హక్కును, భోపాల్ గాయం మరవని పార్లమెంటు 2010లో చట్టంలో రాసింది. 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం ఆ రక్షణను తీసేసింది. ప్లాంటు నడిపేవారి బాధ్యతకు, అతి పెద్ద రియాక్టరుకైనా, 3,000 కోట్ల రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. అమ్మినవాడి మీద అంత దయ చూపిన పార్లమెంటు తీరం మీది మనిషిని ఎవరికి వదిలేసింది?

కొవ్వాడలో ఇంకో అడుగు పడేలోపు గ్రామసభ పెట్టాలి. భూమి పట్టా ఉన్నవాళ్లతో పాటు వలేసి బతికే ప్రతి ఇంటినీ పిలవాలి. ఖర్చు, యూనిట్ ధర, ప్రమాదం జరిగితే ఊరు ఖాళీ చేయించే ఏర్పాట్లు తెలుగులో చదివి వినిపించాలి. ఆ సభను వేట నిషేధం నెలల్లోనే పెట్టాలి, వలసపోయిన జాలర్లు ఇళ్లకు చేరాక.