దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు: జ్యూరీ లేని చోట ఎదురుచూపు

అమెరికాలో పెద్ద కేసు నడిస్తే జ్యూరీ గది తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని అందరూ చూస్తారు. మన దగ్గర ఆ గదే లేదు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటివ్వలేదు. తీర్పు జడ్జిదే, కారణాలు రాసి తీరాలి.

చైతన్యపురి పక్కనే దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21న జంట పేలుళ్లు 18 మందిని బలిగొన్నాయి. 2016 డిసెంబర్‌లో ఎన్‌ఐఏ కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేయనిదే ఉరి అమలు చేయకూడదన్నది చట్టం. ఆ ఖరారు 2025 ఏప్రిల్ 8న వచ్చింది.

ప్రాణం తీసే శిక్షను రెండోసారి తరచి చూడాల్సిందే. అందులో తొందర పనికిరాదు. కానీ ఎనిమిదేళ్లా? అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లకు ఇన్సాఫ్ అంటే తీర్పు ఒక్కటే కాదు, అది సమయానికి రావడం కూడా.