మీ ప్రాజెక్టులో గుర్రం ఏది?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ దాకా ఏ గోడ చూసినా పైథాన్, ఫుల్ స్టాక్, బ్యాంక్ పీవో, గ్రూప్స్ బోర్డులే. ఇక్కడి హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు నా సలహా కాస్త వింతగా అనిపించొచ్చు. వీలు చేసుకుని ఒక పాత చెక్క చదరంగం సెట్టును శ్రద్ధగా చూడండి. ఆట రాకపోయినా పర్లేదు.

ఉద్యోగాల్లేక మేం తల పట్టుకుంటే బొమ్మల అందం గురించి చెబుతాడేంటి అనుకుంటున్నారా? విషయం ఉంది.

ఇప్పుడు టోర్నమెంట్లలో కనిపించే బొమ్మల రూపం 1849లో లండన్‌లో వచ్చింది. నాథనియల్ కుక్ పేరిట డిజైన్ రిజిస్టరైంది. జేక్స్ సంస్థ తయారుచేసింది. అప్పటి మేటి ఆటగాడు హోవర్డ్ స్టాంటన్ పేరు దానికి స్థిరపడింది. అంతకుముందు వాడిన సెట్లు రకరకాలు. కొన్నింటిలో రాజెవరో, మంత్రెవరో పోల్చుకోవడమే కష్టం. సన్నగా, పొడుగ్గా ఉండి చెయ్యి తగిలితే పడిపోయేవి. స్టాంటన్ సెట్‌లో అడుగు వెడల్పయింది. రాజుకు శిలువ, మంత్రికి కిరీటం, మనం ఏనుగు అనే రూక్‌కు కోట బురుజు. చూడగానే తెలిసిపోతుంది. మన కోనేరు హంపి, అర్జున్ ఇరిగేశి ఏ దేశం వెళ్లి ఆడినా బల్ల మీద ఉండేది ఈ రూపమే. మంచి యూజర్ ఇంటర్‌ఫేస్‌కు ఇంతకంటే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇక పనితనం చూద్దాం. మంచి పాత సెట్లలో తెల్లవాటికి బాక్స్‌వుడ్, నల్లవాటికి ఎబొనీ చెక్క. బంటు లాంటి గుండ్రటివి లేత్ మీద వస్తాయి. గుర్రం అలా రాదు. జూలు, దవడ, ముక్కుపుటాలు ఉలి పట్టుకుని చేత్తో చెక్కాల్సిందే. అందుకే పాత సెట్టు తెలిసినవాళ్ల చూపు ముందు గుర్రం మీదికే పోతుంది. ఇప్పటికీ అమృత్‌సర్‌లో గుర్రాలు చెక్కడానికి ప్రత్యేకంగా పనివాళ్లున్నారు.

బొమ్మను తిరగేసి చూడండి. అడుగున మెత్తటి గుడ్డ, దాని వెనక సీసం. అది బయటికి కనిపించదు కానీ బొమ్మను నిలబెట్టేది అదే. పాత జేక్స్ సెట్లలో ఇంకో ముచ్చట. రాజు వైపు రూక్, గుర్రం మీద బుల్లి కిరీటం ముద్ర ఉంటుంది. అప్పట్లో ఎత్తులు రాసేటప్పుడు రాజు వైపు గుర్రం, మంత్రి వైపు గుర్రం అని వేరుగా రాసేవాళ్లు. ఆట మధ్యలో ఏది ఏదో తికమక పడకుండా ఆ గుర్తు.

ఈ విద్య మనకు పరాయిదేం కాదు. ఒకప్పుడు విశాఖపట్నం పనివాళ్లు గంధపు చెక్క మీద దంతం, కొమ్ము అతికి చదరంగం పెట్టెలు చేసేవారు. ఇప్పుడు దంతం వ్యాపారం నేరం, అది మంచిదే. కర్ర పని మాత్రం ఆగలేదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేత్ మీద తిప్పి లక్క రంగులద్దుతున్నారు. 2017లో ఆ బొమ్మలకు జీఐ గుర్తింపు వచ్చింది. హైదరాబాద్‌లోనే చూడాలంటే మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా. చెక్క మీద చెయ్యి ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది.

ఇప్పుడు మీ రెజ్యూమె తీయండి. ఒకే కోర్సు, ఒకే ప్రాజెక్టు, పైన పేరే తేడా. 'ఈ డేటాబేస్ ఎందుకు తీసుకున్నావ్?' అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. గుర్రం చెక్కిన మనిషిని అడగండి, జూలు దగ్గర ఆ గాటు ఎందుకో చెబుతాడు. లేత్ పని తక్కువని కాదు. కానీ మీ లేత్ పనిని ఈరోజు ఏఐ నిమిషాల్లో చేసిపెడుతోంది. అందులో మీరు చేత్తో చెక్కిన గుర్రం ఏది? అడుగున సీసం పోశారా? అంటే తప్పు పాస్‌వర్డ్ కొడితే, మధ్యలో నెట్ పోతే ఏమవుతుందో చూసుకున్నారా?

దీంతో ఉద్యోగం ఖాయమని నేను చెప్పను. కానీ ఇంకో కోర్సుకు ఫీజు కట్టేముందు, ఉన్న ప్రాజెక్టుల్లో ఒక్కటి తీసి, ఒక్క భాగాన్ని మొదట్నుంచీ మీ చేత్తో మళ్లీ రాయండి. ప్రతి నిర్ణయం పక్కనా 'ఎందుకు' అన్నదానికి ఒక వాక్యం రాసిపెట్టుకోండి. రెండు వారాలు చాలు.