'నార్మల్' అని చెప్పి ఊరుకోవద్దు

ఆసుపత్రిలో రోజంతా వినిపించే ఇంగ్లీషు మాట ఏదని ఎవరైనా అడిగితే నేను 'నార్మల్' అనే చెబుతాను. బీపీ నార్మల్, షుగర్ నార్మల్, స్కానింగ్ నార్మల్, నార్మల్ డెలివరీ, నార్మల్ సెలైన్. బడి ముఖం చూడని అవ్వ కూడా ఈ మాట అంటుంది. అందరికీ తెలిసిన మాటే కదా అని మనం దాన్ని విడమర్చి చెప్పం. దాని వల్ల జరిగే నష్టం నేను కళ్లారా చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను స్టాఫ్ నర్సుగా చేరిన కొత్తలో ఒక పెద్దాయన బీపీ చూపించుకోవడానికి ఓపీకి వచ్చేవారు. మొదట్లో చాలా ఎక్కువగా ఉండేది. మాత్రలు మొదలుపెట్టాక తగ్గుతూ వచ్చి, ఒకరోజు 126/80 ఉంది. "బీపీ నార్మల్‌కి వచ్చింది పెద్దాయనా" అన్నాను సంతోషంగా. ఆయన కూడా సంతోషంగా ఇంటికి వెళ్లారు. నాలుగు నెలల తరువాత ఆయన్ను ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. మాత్రలు వేసుకుంటున్నారా అని ఆయన భార్యను అడిగాను. "నార్మల్‌కి వచ్చిందని మీరే చెప్పారంట కదా సిస్టరమ్మా, ఇంకెందుకని మానేశాడు" అంది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

నేను అబద్ధం చెప్పలేదు, కాని సగమే చెప్పాను. 'మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి నార్మల్‌గా ఉంది, మానేస్తే మళ్లీ పెరుగుతుంది' అన్న మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని 'నోర్మా'. దానికి వడ్రంగి వాడే మూలమట్టం అని అర్థం. అంటే కొలిచి చూస్తే సరిపోయింది అన్నంత వరకే. డాక్టరు గారు 'నార్మల్' అంటే ఆ రోజు, ఆ పరీక్షలో, ఆ అంకె హద్దులో ఉందని అర్థం. అదే మాట రోగి చెవికి 'జబ్బు పోయింది' అని వినిపిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఆ హద్దు ఎలా పెడతారో కూడా తెలుసుకోవాలి. చాలా పరీక్షల్లో, ఆరోగ్యంగా ఉన్నవారిని ఎంచుకుని, వారిలో నూటికి 95 మంది అంకెలు ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉన్నాయో చూసి దాన్నే హద్దుగా తీసుకుంటారు. మిగిలిన అయిదుగురు కూడా ఆరోగ్యవంతులే. కాబట్టి రిపోర్టులో ఒక అంకె కాస్త అటూ ఇటూ ఉండగానే బెంగపడి నిద్ర మానుకోనక్కరలేదు, డాక్టరు గారికి చూపిస్తే చాలు. అలాగే నార్మల్ అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికీ లేదు. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో తీసిన ఈసీజీ ఒక్కోసారి నార్మల్‌గానే వస్తుంది. ఛాతీలో నొప్పి ఉన్నవారు ఆ కాగితం చూసుకుని ఇంటికి వెళ్లిపోకూడదు.

ఇక సెలైన్ సంగతి. "నీరసంగా ఉంది, ఒక సీసా ఎక్కించండి" అని అడగనివారు మన ఊళ్లలో తక్కువ. నార్మల్ సెలైన్ అంటే 0.9 శాతం ఉప్పు కలిపిన నీళ్లు. అర లీటరు సీసాలో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తినమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ సీసాలో బలం ఇచ్చేది ఏమీ లేదు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయినవారికి అది ప్రాణం నిలబెడుతుంది. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అవసరం లేకుండా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. పేరు నార్మల్ అయినంత మాత్రాన అది అందరికీ మంచిది కాదు.

కాన్పుల వార్డులో ఈ మాట ఇంకో రకంగా బాధిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగాయి. అయినా ఆపరేషన్ అయిన కోడలిని చూపించి అత్తగారు "మా అమ్మాయికి నార్మల్ కాలేదు" అని వచ్చినవారందరికీ చెబుతుంటే, ఆ పిల్ల తానేదో తప్పు చేసినట్టు గోడవైపు తిరిగి పడుకుంటుంది. మరోవైపు 'నార్మల్ అయింది' అనగానే ఇంటిల్లిపాదీ మిఠాయిల హడావుడిలో పడతారు. బాలింత దగ్గర ఎవరూ ఉండరు. నార్మల్ కాన్పు తరువాత కూడా రక్తం ఎక్కువగా పోవచ్చు. మొదటి 24 గంటలు మరీ జాగ్రత్తగా ఉండాలి. గుడ్డలు వెంటవెంటనే తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నాయన్నా ఆలస్యం చేయకుండా సిస్టర్‌ని పిలవండి.

"ఓపీలో ఇంత రద్దీ ఉంటే ఇవన్నీ చెప్పే తీరిక ఎక్కడుంది మేడమ్?" అని మా స్టాఫ్ నన్ను అడుగుతుంటారు. రద్దీ నిజమే. కాని "మాత్రల వల్ల మీ బీపీ అదుపులో ఉంది. మాత్రలు మానవద్దు. నెలకు మళ్లీ రండి" అనడానికి అర నిమిషం చాలు. "ఇంటికెళ్లి అమ్మకు ఏం చెబుతారు?" అని అడిగి వారి నోట చెప్పించుకోవడానికి ఇంకో అర నిమిషం. పక్షవాతం వచ్చిన మనిషికి నెలల తరబడి చేసే సేవతో పోలిస్తే ఆ ఒక్క నిమిషం ఎంత?

పాఠకులకు నా మనవి ఒకటే. ఈసారి ఎవరైనా మీకు 'నార్మల్' అని చెబితే లేచి వచ్చేయకండి. మూడు ప్రశ్నలు అడగండి. ఏది నార్మల్‌గా ఉంది? మాత్రలు వేసుకుంటూ ఉండాలా? మళ్లీ ఎప్పుడు రావాలి? అడిగితే విసుక్కుంటారేమోనని జంకకండి. చెప్పడం మా పని. ఆ పెద్దాయన ఆ రోజు ఈ ప్రశ్నలు నన్ను అడగలేదు. ఆయన అడగకపోయినా నేను చెప్పి ఉండాల్సింది.