ధర తరువాత, ముందు వయసు చెప్పండి!

కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థికీ ఈ రోజుల్లో టాబ్లెట్ ఒకటి కావలసివస్తోంది. ఇది సరదా కాదు, అవసరం. నోట్సు పీడీఎఫ్‌లో వస్తుంది. అసైన్‌మెంటు ఆన్‌లైన్‌లో పంపాలి. పోటీపరీక్షల పాఠాలు వీడియోల్లో వినాలి. కొత్తది కొందామంటే కొన్ని ఇళ్ళలో అది నెల జీతం, కొన్ని ఇళ్ళలో పంట మీద మిగిలిన నాలుగు డబ్బులు. అందుకే మనవాళ్ళలో చాలామంది రీఫర్బిష్డ్ సరుకు వైపు చూస్తున్నారు. ఒకరు వాడి వదిలినదాన్ని పరీక్షించి, బాగుచేసి, కొద్దికాలం గ్యారంటీ ఇచ్చి మళ్ళీ అమ్మితే అదే రీఫర్బిష్డ్.

ఇందులో నామోషీ ఏమీ లేదు. కోఠీలోనూ, ఆబిడ్స్ ఆదివారం బజారులోనూ పాత పుస్తకాలు కొనుక్కుని చదివి పైకొచ్చినవాళ్ళు మన లెక్చరర్లలోనే ఎందరు లేరు? అయితే పుస్తకానికీ టాబ్లెట్‌కీ ఒక పెద్ద తేడా వుంది. పాత పుస్తకంలో అక్షరాలు ఫలానా సంవత్సరం నుంచి కనబడకుండా పోవు. టాబ్లెట్‌కి మాత్రం అలాంటి గడువు వుంటుంది. అద్దం మీద గీతైనా లేకపోవచ్చు. కాని కంపెనీ అప్‌డేట్లు ఆపేసిందంటే భద్రతలో పడ్డ కంతలు పూడ్చే నాథుడు వుండడు. కొంతకాలానికి ఒక్కొక్క యాప్ మొరాయించడం మొదలుపెడుతుంది. చూడ్డానికి పెళ్ళికొడుకులా వున్నా పనికి మాత్రం రిటైరైనట్టే.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. "ఎంత తగ్గిస్తావయ్యా?" అన్నది రెండో ప్రశ్న. "ఇంకా ఎన్నేళ్ళు పనిచేస్తుంది?" అన్నది మొదటి ప్రశ్న.

ఈ వయసు మనం కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మొదట విడుదలైన రోజు నుంచి లెక్క. ఐపాడ్ సంగతి చూడండి. 2018లో వచ్చిన ఆరో తరం ఐపాడ్‌కి 2024లో వచ్చిన ఐపాడ్ ఓఎస్ 18 అందలేదు. 2019 నాటి ఏడో తరానికి 2025లో వచ్చిన ఐపాడ్ ఓఎస్ 26 అందలేదు. 2020 నాటి ఎనిమిదో తరానికి అందింది. ఒక్క ఏడాది తేడా, అంతే! అంగట్లో పక్కపక్కన పెడితే ఏది ఏదో మనం పోల్చుకోలేం. అలాగే శాంసంగ్ గెలాక్సీ టాబ్ ఎస్8 వరసకి 2022లో అయిదేళ్ళ భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. 2024లో వచ్చిన టాబ్ ఎస్10 వరసకి ఏడేళ్ళు అన్నారు. "శాంసంగే కదా, ఏదైతే ఏం గురూ?" అనుకుంటే దెబ్బ తింటాం. కంపెనీ పేరు చాలదు, మోడల్ నంబరు కావాలి.

ఇప్పుడు చిన్న లెక్క. పన్నెండు వేలకు దొరికే టాబ్లెట్‌కి రెండేళ్ళ ఆయుష్షు మిగిలిందనుకుందాం. ఏడాదికి ఆరువేలు పడింది. పద్ధెనిమిది వేలదానికి అయిదేళ్ళు మిగిలితే ఏడాదికి పడేది 3,600. ఏది చవక? డిగ్రీ మూడేళ్ళు, ఇంజనీరింగు నాలుగేళ్ళు. చదువు పూర్తికాకముందే మూలపడే వస్తువు ఎంత చవకైనా ఖరీదైనదే.

వయసు తేలాక ఆరోగ్యం చూడాలి. పాత యజమాని అకౌంటు పూర్తిగా తీసేశారా? లేకపోతే అది తాళం పోయిన పెట్టే. కంపెనీలు, స్కూళ్ళు వాడి అమ్మేసిన వాటిలో వాళ్ళ కంట్రోలు ఇంకా మిగిలి వుండవచ్చు. అందుకే కొట్లోనే రీసెట్ చేయించి, మొదటి నుంచి మొదలుపెట్టి చూడాలి. బాటరీ ఎంత మిగిలిందో అడగాలి, మార్చారంటే బిల్లులో రాయించుకోవాలి. 32 జీబీ స్టోరేజి ఇవాళ ఇరుకు గది, 64 కనీసం, 128 అయితే సుఖం. ఆండ్రాయిడ్‌లో రామ్ నాలుగు జీబీకి తగ్గకూడదు. పెన్నుతో నోట్సు రాసుకునేవాళ్ళు ఆ మోడల్‌కి ఏ పెన్ను పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలి. సిమ్ వేసే రకమైతే ఐఎంఇఐ నంబరు సంచార్ సాథీలో సరిచూసుకుంటే దొంగసొత్తు భయం వుండదు. బిల్లు ఇవ్వనివాడి దగ్గర ఎంత చవకైనా కొనవద్దు.

"చేతిలో ఎనిమిది వేలే వున్నవాడికి ఈ నీతులెందుకు?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలాంటివారు ఖరీదైన వరసలో ముసలిదాన్ని కొనేకంటే, మామూలు వరసలో వయసు తక్కువదాన్ని కొనడం మేలు. మెరుపు తగ్గుతుంది గాని రోజులు గడుస్తాయి. మరీ చవకదనమే ధ్యేయమైతే ఏమవుతుందో 2011లో విద్యార్థుల కోసమని వచ్చిన ఆకాశ్ టాబ్లెట్ చూపించింది. ఆశయం గొప్పదే. కాని 256 ఎంబీ మెమరీతో, గట్టిగా నొక్కితేగాని పలకని తెరతో అది ఎంతకాలం నిలుస్తుంది?

అయితే భారమంతా విద్యార్థి నెత్తిన పెట్టడం అన్యాయం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త టాబ్లెట్లకి, అమ్మకం ఆగిన తరువాత కూడా కనీసం అయిదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. అలాంటిది మనకూ కావాలని అడగవలసింది మనమే. అంతదాకా ఇంట్లో చేయగలిగిన పనులు రెండున్నాయి. ఒకటి, అడ్మిషన్ల రోజుల్లో యూనియన్ ఒక బల్ల వేసి, ఫైనలియర్ విద్యార్థుల చేత జూనియర్లు తెచ్చుకున్న టాబ్లెట్లని గ్యారంటీ గడువు దాటకముందే పరీక్ష చేయించాలి. సీనియర్లు అమ్మదలచుకున్నవి మోడల్, సంవత్సరం రాసి అక్కడే రిజిస్టరులో పెట్టాలి. రెండు, లెక్చరర్లు నోట్సుని బరువైన ఫోటోలుగా కాక తేలికైన పీడీఎఫ్‌గా ఇవ్వాలి. కొత్త యాప్ వుంటేనే తెరుచుకునే పాఠం పేద విద్యార్థికి మూసిన తలుపే.

ఎన్నికలప్పుడు కాంటీన్ గురించీ, బస్ పాసుల గురించీ వాగ్దానాలు చేస్తాం. వచ్చే సంవత్సరం ఈ బల్లని కూడా ఆ జాబితాలో చేర్చమని పోటీచేసే మిత్రులకు నా మనవి. ఖర్చు ఒక బల్ల, రెండు కుర్చీలు, నలుగురు కుర్రాళ్ళ సాయంత్రాలు. మిగిలేది ఎందరో తల్లిదండ్రుల కష్టార్జితం.