తాళంచెవి ఆమె కొంగునే ఉండాలి

జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేదలకు చోటుండేలా, ప్రభుత్వం పెట్టవచ్చని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం చెబుతోంది. 2022లో జిల్లా అయిన నంద్యాలలోనూ దాన్ని అడుగుదాం. కానీ కూడూ మంచమూ ఇస్తే సరిపోతుందా?

ఆళ్లగడ్డ పల్లె నుంచి వచ్చి చేరే అవ్వ ఎప్పుడు టీ తాగాలో, ఎప్పుడు దీపం ఆర్పాలో, బజారుకు వెళ్ళాలో వద్దో ఎవరు నిర్ణయిస్తారు? 2024లో 4,000 రూపాయలైన పింఛను ఎవరి చేతిలో ఉంటుంది?

తండ్రినీ, భర్తనీ, కొడుకునీ అడిగి బతికిన స్త్రీకి ఆశ్రమ నిర్వాహకుడు నాలుగో యజమాని కాకూడదు. పెట్టె తాళంచెవి, పింఛను డబ్బు ఆమె దగ్గరే ఉండాలి. బయటికి వెళ్ళేటప్పుడు చెబితే చాలు, అనుమతి అక్కరలేదు. చేతనైన పని ఆమెను చేసుకోనివ్వాలి. చేయలేనిది చేసిపెట్టడం సేవ. చేయగలిగింది చేయనివ్వకపోవడం పెత్తనమే అంటాను నేను.